మిద్దె మీది నుంచి నెబ్యులా ఫోటోలు: మన రాయపురం వెలుతురుకు ఏ ఫిల్టరు కొనాలి?

రాయపురంలో తరాలుగా కాపురముంటున్న మన తెలుగు కుటుంబాల పిల్లలకు ఈ మధ్య ఆకాశం ఫోటోల మీద ఆసక్తి పెరిగింది. సెలవులకు వచ్చే విదేశాల్లోని మనవలు చిన్న టెలిస్కోపులు తెస్తున్నారు. ఇక్కడి కాలేజీ పిల్లలు పాత కెమెరాలు సంపాదిస్తున్నారు. వాళ్ల తల్లిదండ్రులు సంఘం ఆఫీసుకు వచ్చి మమ్మల్ని అడిగే ప్రశ్న ఒక్కటే: "ఇంత వెలుతురులో ఏమైనా కనిపిస్తుందా అండీ? ఏదో ఫిల్టరు కొనాలంటున్నాడు మావాడు. కొనిపెట్టమంటారా, వద్దంటారా?"

ఈ ప్రశ్నకు జవాబు మేము నష్టపోయి నేర్చుకున్నాం. అమెరికాలో ఉంటున్న మా సభ్యురాలి కొడుకు ఒకరు తాను వాడి పక్కన పెట్టిన చిన్న టెలిస్కోపు, చుక్కలను వెంబడించే మౌంటు, ఒక కలర్ కెమెరా సంఘానికి ఇచ్చారు. ఫిల్టరు మాత్రం మేమే కొన్నాం. సభ్యుల చందాలోంచి పదకొండు వేల చిల్లర ఖర్చయింది. డబ్బా మీద "నగర కాంతి నిరోధకం" అన్న అర్థం వచ్చే మాట ఉంది, మేము అది చూసి నమ్మాం. మా సభ్యుని మనవరాలు, ఇంజనీరింగ్ రెండో సంవత్సరం అమ్మాయి, ఆ ఫిల్టరుతో మూడు రాత్రులు మిద్దె మీద కూర్చుని ఆండ్రోమెడా గెలాక్సీ ఫోటో తీసింది. ఫిల్టరు లేకుండా తీసినదానికీ దీనికీ తేడా ఏమీ లేదు, పైగా రంగులు పాడయ్యాయి. ఆ అమ్మాయి తప్పు తనదే అనుకుంది. టెలిస్కోపు తిరిగి ఇచ్చేసి, "నాకు చేతకాదులెండి తాతయ్యా" అంది.

తప్పు ఆ పిల్లది కాదు, ఫిల్టరు తయారుచేసినవాళ్లదీ కాదు. ఏ వెలుతురుకు, ఏ వస్తువుకు ఏ ఫిల్టరు పనికొస్తుందో తెలుసుకోకుండా కొన్న మాది. ఇంకో కుటుంబం డబ్బు, ఇంకో పిల్ల ఉత్సాహం అలా పోకూడదని ఈ వివరాలన్నీ ఒకచోట రాస్తున్నాం.

ముందు మన వెలుతురు ఏమిటో తెలుసుకోండి

పదిహేనేళ్ల కింద మన వీధి దీపాలు చాలావరకు పసుపురంగు సోడియం దీపాలు. అక్కడక్కడ నీలి తెలుపు మెర్క్యురీ దీపాలుండేవి. ఇప్పుడు దాదాపు అంతా తెల్లటి ఎల్‌ఈడీ. హార్బరు వైపు ఫ్లడ్‌లైట్లు, కాసిమేడు చేపల రేవు దీపాలు, షాపుల బోర్డులు, అపార్టుమెంట్ల మెట్ల దగ్గర దీపాలు అన్నీ దీనికి కలుస్తాయి. సముద్రపు గాలిలోని తేమ ఈ వెలుతురును పట్టుకుని ఆకాశమంతా పరుస్తుంది.

ఫిల్టరు విషయంలో ఈ మార్పే అసలు సంగతి. మెర్క్యురీ దీపం వెలుగు కొన్ని విడివిడి రంగుల్లోనే వస్తుంది: 436, 546, 578 నానోమీటర్ల దగ్గర గట్టి గీతలు. సోడియం దీపం వెలుగులో ఎక్కువ భాగం 589 నానోమీటర్ల చుట్టుపక్కల పసుపు, నారింజ రంగుల్లో ఉంటుంది. ఆ కొద్ది రంగులను ఆపేస్తే ఊరి వెలుతురులో చాలా భాగం ఆగేది. పాత తరం ఫిల్టర్లన్నీ ఈ లెక్కతో చేసినవే. తెల్ల ఎల్‌ఈడీ అలా కాదు. 450 దగ్గర నీలంలో ఒక ఎత్తు, తర్వాత ఆకుపచ్చ నుంచి ఎరుపు దాకా ఎడతెగని వెలుగు ఉంటుంది. ఆపడానికి ప్రత్యేకంగా ఒక రంగంటూ లేదు.

మీ వీధిలో ఏ దీపం ఉందో తెలుసుకోవడానికి పరికరాలు అక్కరలేదు. ఇంట్లో పాత సినిమా పాటల సీడీ ఒకటి ఉంటుంది కదా. రాత్రి దాన్ని చేతిలో వంచి పట్టుకుని వీధి దీపం ప్రతిబింబం పక్కన వచ్చే రంగుల పట్టీని చూడండి. రంగులు విడిపోయి మధ్యలో నల్ల ఖాళీలుంటే సోడియం లేదా మెర్క్యురీ. ఇంద్రధనుస్సులా ఎడతెగకుండా ఉంటే ఎల్‌ఈడీ. మా వీధిలో పదకొండు దీపాలు చూశాం, పదకొండూ ఎల్‌ఈడీలే. ఈ పని ఫిల్టరు కొనక ముందు చేసి ఉంటే మా చందా డబ్బు మిగిలేది.

ఫిల్టరు చేసే పని ఏమిటి

ఫిల్టరు ఒక జల్లెడ, అంతే. జల్లెడ పనిచేయాలంటే కావలసిన గింజకూ అక్కరలేని మట్టికీ సైజులో తేడా ఉండాలి. బియ్యంలో రాయి కూడా బియ్యం గింజంతే ఉంటే ఏ జల్లెడా పనికిరాదు, కూర్చుని ఏరుకోవాల్సిందే.

ఆకాశంలో మనం ఫోటో తీయాలనుకునే దూరపు వస్తువులు రెండు జాతులు.

మొదటి జాతి: తమంతట తాము వెలిగే వాయు మేఘాలు. ఓరియన్ నెబ్యులా, రోజెట్, లగూన్, ఈగిల్, కెరీనా ఇవన్నీ ఈ జాతివే. చనిపోతున్న నక్షత్రాలు వదిలిన డంబెల్, రింగ్ లాంటి నెబ్యులాలు కూడా ఇందులోకే వస్తాయి. వీటి వెలుగు కొన్ని సన్నని గీతల్లోనే ఉంటుంది. హైడ్రోజన్ ఆల్ఫా 656.3 నానోమీటర్ల దగ్గర ఎరుపు. ఆక్సిజన్ గీతలు రెండు, 495.9, 500.7 దగ్గర నీలి ఆకుపచ్చ. సల్ఫర్ జంట గీతలు 671.6, 673.1 దగ్గర ముదురు ఎరుపు. హైడ్రోజన్ బీటా 486.1. ఈ నాలుగు చోట్ల సన్నని కిటికీలు తెరిచి మిగతాది మూసేస్తే నెబ్యులా వెలుగు దాదాపు అంతా లోపలికి వస్తుంది, ఊరి వెలుతురులో చాలా భాగం బయటే ఉండిపోతుంది. ఇక్కడ గింజ, మట్టి వేరువేరు సైజులు. జల్లెడ పనిచేస్తుంది.

రెండో జాతి: గెలాక్సీలు, నక్షత్ర గుంపులు, పక్క నక్షత్రాల వెలుగును తిరిగి చిమ్మే ధూళి మేఘాలు. మన పెద్దలు పిల్లలకోడి అనే కృత్తికల చుట్టూ ఉన్న నీలి పొగ ఈ జాతిది. వీటి వెలుగు నక్షత్రాల వెలుగే కాబట్టి అన్ని రంగుల్లోనూ ఉంటుంది. ఎల్‌ఈడీ వెలుగూ అన్ని రంగుల్లోనే ఉంది. గింజా రాయీ ఒకే సైజు. ఊరి వెలుతురు సగం ఆపే ఫిల్టరు గెలాక్సీ వెలుగునూ సగం ఆపేస్తుంది. మా పిల్ల ఆండ్రోమెడాతో పడిన కష్టం ఇదే.

ఈ వ్యాసంలో ఒక్క ముక్క గుర్తుంచుకోవాలంటే ఇది: ఎల్‌ఈడీ ఆకాశం కింద ఫిల్టరు వెలిగే వాయు మేఘాలకు పనికొస్తుంది, గెలాక్సీలకు పనికిరాదు. మీ పిల్ల ఏది తీయాలనుకుంటోందో ముందు అడగండి. ఆ తర్వాతే డబ్బు తీయండి.

దొరికే ఫిల్టర్ల రకాలు

అంగట్లో పేర్లు చాలా ఉన్నా రకాలు నాలుగే.

ఒకటి, వెడల్పు పట్టీ ఫిల్టర్లు. సీఎల్‌ఎస్ అనే పేరుతో వచ్చేవి, ఆప్టోలాంగ్ ఎల్-ప్రో, ఐడాస్ ఎల్‌పీఎస్ వరుస ఈ కోవలోవి. ఇవి సోడియం, మెర్క్యురీ రంగులు ఆపి మిగతా వెలుగు వదులుతాయి. సీఎల్‌ఎస్ రకం ఎక్కువ ఆపుతుంది, రంగులు ఎక్కువ మారుస్తుంది. ఎల్-ప్రో రకం తక్కువ ఆపుతుంది, రంగులు సహజంగా ఉంచుతుంది. ఊరు దాటి, ఇంకా సోడియం దీపాలున్న చోట వీటితో కొంత లాభముంది. రాయపురం మిద్దె మీద లాభం స్వల్పం. మేము మొదట కొన్నది ఈ రకమే.

రెండు, యూహెచ్‌సీ, ఆక్సిజన్ లాంటి కంటి ఫిల్టర్లు. ఇవి ఐపీసుకు బిగించి కంటితో చూడటానికి చేసినవి. ఓరియన్ నెబ్యులా చూసేటప్పుడు బాగా పనిచేస్తాయి. కొన్ని కంటికి కనపడని పరారుణ కాంతిని వదిలేస్తాయి. కంటికి దానితో ఇబ్బంది లేదు కాని కెమెరా దాన్ని పట్టుకుంటుంది, నక్షత్రాలు ఉబ్బిపోతాయి. ఫోటోల కోసమైతే ఫోటోలకు చేసినదే అడగండి.

మూడు, జంట పట్టీ ఫిల్టర్లు. కలర్ కెమెరా ఉన్నవారికి నగరంలో అసలైన సాధనం ఇదే. ఒకే గాజులో రెండు సన్నని కిటికీలు ఉంటాయి, ఒకటి హైడ్రోజన్ ఆల్ఫాకు, ఒకటి ఆక్సిజన్‌కు. కెమెరాలోని ఎర్ర పిక్సెళ్లు మొదటిదాన్ని, ఆకుపచ్చ, నీలి పిక్సెళ్లు రెండోదాన్ని పట్టుకుంటాయి. కిటికీ వెడల్పును బట్టి వీటిలో తేడాలున్నాయి. ఆప్టోలాంగ్ ఎల్-ఎన్‌హాన్స్ వెడల్పైనది, ఆక్సిజన్ వైపు కిటికీలోనే హైడ్రోజన్ బీటా కూడా వస్తుంది. ఎల్-ఎక్స్‌ట్రీమ్ రెండు కిటికీలూ 7 నానోమీటర్లు. స్వ్‌బోనీ ఎస్‌వీ220 కూడా 7 నానోమీటర్లదే, ధర తక్కువ. ఆంట్లియా ఏఎల్‌పీ-టీ 5 నానోమీటర్లు. ఎల్-అల్టిమేట్ 3 నానోమీటర్లు.

కిటికీ సన్నబడితే ఏం లాభమో చిన్న లెక్క చూడండి. కలర్ కెమెరా ఎర్ర పిక్సెల్ మామూలుగా దాదాపు 100 నానోమీటర్ల మేర వెలుగు పుచ్చుకుంటుంది. 7 నానోమీటర్ల కిటికీ పెడితే ఎడతెగని ఊరి వెలుతురు పద్నాలుగో వంతుకు పడిపోతుంది. నెబ్యులా గీత మాత్రం తొంభై శాతం దాకా వస్తుంది. దీనికి తోడు తెల్ల ఎల్‌ఈడీ వెలుగు 656 దగ్గరికి వచ్చేసరికి సహజంగానే బాగా తగ్గిపోతుంది. అందుకే మన ఆకాశం కింద కూడా హైడ్రోజన్ ఆల్ఫా ఫోటోలు ఆశ్చర్యంగా వస్తాయి.

నాలుగు, ఒంటి పట్టీ ఫిల్టర్లు. బ్లాక్ అండ్ వైట్ కెమెరాకు హైడ్రోజన్, ఆక్సిజన్, సల్ఫర్ మూడూ విడివిడిగా కొనాలి. వాటిని తిప్పే చక్రం ఒకటి కావాలి. ఫలితం అన్నిటికంటే మేలు, ఎందుకంటే ప్రతి పిక్సెలూ పనిచేస్తుంది. కలర్ కెమెరాలో హైడ్రోజన్ ఆల్ఫాకు నాలుగు పిక్సెళ్లలో ఒక్కటే పనిచేస్తుంది. కాని ఖర్చు మూడింతలు, పని మూడింతలు. మొదటిసారి కొనేవారికి మేము చెప్పం.

మీ కెమెరా సంగతి

ఇంట్లో ఉన్న మామూలు డీఎస్‌ఎల్‌ఆర్‌కు జంట పట్టీ ఫిల్టరు కొనే ముందు ఒక మాట. ఆ కెమెరాల సెన్సర్ ముందు కంపెనీవాళ్లు పెట్టే గాజు, మనుషుల చర్మం రంగు సహజంగా రావాలని 656 దగ్గరి ఎరుపును చాలావరకు ఆపేస్తుంది. పావు వంతు దాకానే లోపలికి వెళ్తుంది. అంటే మీరు డబ్బు పోసి తెరిచిన కిటికీకి కెమెరా లోపల ఇంకో తలుపు వేసి ఉంది. ఆ గాజు తీయించిన కెమెరా గాని, ఆకాశం కోసమే చేసిన కలర్ కెమెరా గాని ఉంటేనే ఈ ఫిల్టరు పూర్తి ఫలితమిస్తుంది. ఆకాశం కెమెరాల్లో కొన్నిటికి పరారుణ కాంతిని ఆపే గాజు ఉండదు. అలాంటప్పుడు ఫిల్టరే ఆ పని చేయాలి. కొనేటప్పుడు అడిగి తెలుసుకోండి.

సైజు కూడా చూసుకోవాలి. ఒకటింపావు అంగుళం, రెండు అంగుళాల ఫిల్టర్లు ఎక్కువగా దొరుకుతాయి. పెద్ద సెన్సర్‌కు చిన్న ఫిల్టరు పెడితే ఫోటో మూలలు చీకటవుతాయి. తర్వాత కెమెరా మారినా పనికొస్తుందని మేము రెండు అంగుళాలదే కొన్నాం.

ఇంకో చిక్కు వేగవంతమైన లెన్సులది. ఎఫ్/2 లాంటి వెడల్పు లెన్సుల్లో వెలుగు ఏటవాలుగా పడుతుంది. అప్పుడు ఫిల్టరు కిటికీ నీలం వైపు కొంచెం జరుగుతుంది. కిటికీ ఎంత సన్నదైతే ఈ జరగడం అంత దెబ్బ కొడుతుంది, అసలు గీతే బయట పడిపోవచ్చు. అలాంటి లెన్సులకు ప్రత్యేకంగా చేసిన ఫిల్టర్లున్నాయి. ఎఫ్/5, ఎఫ్/6 చిన్న టెలిస్కోపులకు ఈ బాధ లేదు.

ఫిల్టరు పెట్టాక మిద్దె మీద పని

ఫిల్టరు బిగించాక ఫోకస్ మళ్లీ చేయాలి, గాజు మందం వల్ల ఫోకస్ జరుగుతుంది. ఇది మరచి ఒక రాత్రంతా పాడుచేసుకున్నవాళ్లు మాలో ఇద్దరున్నారు.

ఒక్కో ఫోటోకు ఇచ్చే సమయం పెంచాలి. ఫిల్టరు లేకుండా మా మిద్దె మీద 30 సెకన్లకే ఆకాశం తెల్లబడుతుంది. 7 నానోమీటర్ల ఫిల్టరుతో 3 నుంచి 5 నిమిషాల దాకా ఇవ్వవచ్చు, ఇవ్వాలి కూడా. అంతసేపు చుక్కలు గీతలు కాకుండా ఉండాలంటే మౌంటు బాగుండాలి, పక్కన చిన్న గైడ్ కెమెరా ఉండాలి. మౌంటు సరిగ్గా లేనివారు ఫిల్టరు మీద డబ్బు పెట్టడం దండగ.

అలా తీసిన ఫోటోలు రెండు మూడు గంటలకు సరిపడా కలపాలి. ఒక్క ఫోటోలో కనపడనిది నలభై ఫోటోలు కలిపితే కనపడుతుంది. ఇది మా గుమాస్తా ఉద్యోగం లాంటిదే: ఒక్కో చీటీ విలువ కొంచెమే, రోజంతా వేస్తే లెడ్జరు నిండుతుంది.

చవక ఫిల్టర్లతో పెద్ద నక్షత్రాల చుట్టూ ఒక వలయం వస్తుంది. గుర్రపు తల నెబ్యులా పక్కనుండే ఆల్నిటాక్ నక్షత్రం మీద ఇది బాగా తెలుస్తుంది. కొన్న వెంటనే ఆ చోటే ఫోటో తీసి చూసుకోండి, వాపసు ఇచ్చే గడువు లోపలే.

వెన్నెల రాత్రుల్లో కూడా హైడ్రోజన్ ఆల్ఫా ఫోటోలు తీయవచ్చు. ఆక్సిజన్ గీత మీద చంద్రుడి వెలుగు ఎక్కువ దెబ్బ కొడుతుంది కాబట్టి దాన్ని చంద్రుడు లేని రోజులకు ఉంచండి.

చెన్నై ఆకాశంలో ఏవి, ఎప్పుడు

ఐప్పసి, కార్తిక మాసాల వాన తర్వాత జనవరి నుంచి మార్చి దాకా మనకు మంచి కాలం. సాయంత్రం పూటే ఓరియన్ నెబ్యులా దాదాపు 70 డిగ్రీల ఎత్తులో, రోజెట్ నడినెత్తిన ఉంటాయి. పైకి చూసేకొద్దీ ఊరి వెలుతురు తక్కువ, కాబట్టి మొదటి ఫోటోకు ఇవే మంచివి. ఏప్రిల్, మే నెలల్లో అర్ధరాత్రి దాటాక లగూన్, ఈగిల్ పైకి వస్తాయి. డంబెల్‌లో ఆక్సిజన్ వెలుగు గట్టిగా ఉంటుంది, సైజు చిన్నది, కొత్తవాళ్లకు అనుకూలం.

కెరీనా నెబ్యులా చాలా పెద్దది, అందమైనది. కాని చెన్నై నుంచి దక్షిణాన 17 డిగ్రీల ఎత్తు దాటదు. మనకు దక్షిణమంటే హార్బరు, నగరం. రాయపురం నుంచి దానికోసం ప్రయాసపడవద్దు. తూర్పున సముద్రం ఉంది కాబట్టి ఆ వైపు కొంచెం నయం.

గెలాక్సీలు కావాలంటే

కొందరు పిల్లలకు గెలాక్సీలే ఇష్టం. వాళ్లకు ఫిల్టరు కొనిపెట్టకండి, రైలు టికెట్టు కొనిపెట్టండి.

లెక్క ఇది. నగర నడిబొడ్డు ఆకాశం చదరపు ఆర్క్‌సెకనుకు 18 మాగ్నిట్యూడ్ దగ్గర ఉంటుంది. మంచి పల్లె ఆకాశం 21 దాకా ఉంటుంది. మూడు మాగ్నిట్యూడ్ల తేడా అంటే వెలుతురులో దాదాపు 16 రెట్లు. మసక గెలాక్సీని పల్లెలో ఒక గంట తీస్తే వచ్చే నాణ్యత మన మిద్దె మీద రావాలంటే దాదాపు 16 గంటలు తీయాలి. నెల్లూరు జిల్లాలోనో చిత్తూరు జిల్లాలోనో సొంత ఊళ్లున్న కుటుంబాలు మనలో ఎన్నో. పండక్కి వెళ్లేటప్పుడు టెలిస్కోపు కూడా బండిలో పెట్టుకోండి. సంక్రాంతి రోజుల్లో ఆకాశం బాగుంటుంది.

ఖగోళ శాస్త్రజ్ఞులు కూడా చివరికి ఇదే చేశారు. నుంగంబాక్కంలో ఈస్టిండియా కంపెనీ 1792లో అబ్జర్వేటరీ భవనం కట్టింది. విశాఖపట్నానికి చెందిన మన తెలుగు జమీందారు గోడే వెంకట జగ్గారావు ఇక్కడికి వచ్చి కంపెనీ ఖగోళ శాస్త్రజ్ఞుడు టి. జి. టేలర్ దగ్గర విద్య నేర్చుకుని, 1840 ప్రాంతంలో విశాఖలో తన సొంత అబ్జర్వేటరీ పెట్టుకున్నారు. మన రాయపురం స్టేషను నుంచి 1856లో మొదటి రైలు కదిలిన రోజుల్లో నుంగంబాక్కం అబ్జర్వేటరీలో పని జరుగుతూనే ఉంది. 1861లో పాగ్సన్ అక్కడి నుంచే ఏషియా అనే చిన్న గ్రహాన్ని కనిపెట్టారు. ఆ ఆకాశం ఇదే ఆకాశం. 1899 నాటికి ఖగోళ పని కొడైకానల్ కొండ మీదికి వెళ్లింది. తర్వాత హైదరాబాదులో పెరిగిన వైను బప్పు జవ్వాది కొండల్లో కావలూరును ఎంచుకున్నారు. అక్కడ 1986లో ప్రారంభమైన 2.34 మీటర్ల టెలిస్కోపుకు ఆయన పేరే పెట్టారు. 2022లో లడఖ్‌లోని హాన్లే చుట్టూ చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతం ఏర్పాటు చేశారు. పెద్ద పరికరాలున్నవాళ్లే వెలుతురుకు దూరంగా వెళ్లారు. మనం ఒక పండగ పూట వెళ్లడంలో నామోషీ ఏమీ లేదు.

ఏది ముందు, ఏది తర్వాత

డబ్బు పెట్టే వరుస మా అనుభవంలో ఇది.

ఖర్చు లేనివి ముందు. మిద్దె మీద సొంత దీపాలు ఆర్పండి. పక్కింటివాళ్లను రెండు గంటలు ఆర్పమని మర్యాదగా అడగండి. టెలిస్కోపు ముందు నల్ల అట్టతో గొట్టం చేసి పెట్టండి, పక్కనుంచి పడే దీపం వెలుగు ఆగుతుంది. ఏ ఫిల్టరూ చేయని పని ఇది.

రెండోది మౌంటు, గైడింగ్. మూడోది తగిన కెమెరా. అవి కుదిరాకే నాలుగోది 7 నానోమీటర్ల జంట పట్టీ ఫిల్టరు. ధరలు మారుతుంటాయి. మేము విచారించినప్పుడు రెండు అంగుళాల సైజులో పది వేలకు అటూ ఇటూ మొదలై ముప్పై వేలు దాటే దాకా ఉన్నాయి. విదేశాల నుంచి తెప్పిస్తే సుంకం, పన్ను కలిపి లెక్క చూసుకోండి. 3 నానోమీటర్లది మొదటిసారే అక్కరలేదు.

ఒక హెచ్చరిక. నెబ్యులా ఫిల్టర్లు ఏవీ సూర్యుణ్ణి చూడటానికి పనికిరావు. ఎంత ముదురుగా కనిపించినా సరే, టెలిస్కోపుకు పెట్టి సూర్యుడి వైపు తిప్పితే కన్ను పోతుంది. సూర్యుడి ఫిల్టరు వేరు, అది టెలిస్కోపు ముందు భాగానికి బిగించేది. చిన్నపిల్లలున్న ఇళ్లలో ఈ మాట ముందే చెప్పి ఉంచండి.

ఉప్పుగాలి జాగ్రత్తలు

సముద్రం పక్కన ఉన్నందుకు మనకు తేమ, ఉప్పు రెండూ శత్రువులే. వాడాక ఫిల్టరును గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో పెట్టండి. పొట్లం ఆరు వారాలకొకసారి మార్చండి లేదా ఎండబెట్టండి. లేకపోతే గాజు మీద బూజు దారాలు పాకుతాయి, అవి పోవు. చొక్కా కొసతో తుడవవద్దు. ముందు రబ్బరు బంతి ఊదే సాధనంతో ధూళి పోగొట్టి, తర్వాతే లెన్సు బట్ట వాడండి. ఏసీ గదిలోంచి తెచ్చిన వెంటనే మిద్దె మీద డబ్బా తెరిస్తే ఆవిరి పట్టేస్తుంది. అరగంట మూసిన డబ్బాతోనే బయట ఉంచండి.

ఆ అమ్మాయి సంగతి

చందా డబ్బు లెక్క సర్వసభ్య సమావేశంలో చెప్పాం. తప్పు కొనుగోలు మాదేనని రిజిస్టరులో రాశాం. పాత ఫిల్టరును సోడియం దీపాలు ఇంకా ఉన్న ఊళ్లో ఉండే ఒక సభ్యుడు తగ్గించిన ధరకు తీసుకున్నారు. మిగతా సొమ్ము ముగ్గురు సభ్యులు వేసుకుంటే 7 నానోమీటర్ల జంట పట్టీ ఫిల్టరు వచ్చింది.

మొన్న ఫిబ్రవరిలో మేము ఆ అమ్మాయి ఇంటికి వెళ్లి, "తప్పు మాదమ్మా, నీది కాదు. ఇంకొక్కసారి చూడు" అని ఇచ్చాం. రెండు రాత్రులు, నాలుగున్నర గంటలు రోజెట్ నెబ్యులా తీసింది. హార్బరు ఫ్లడ్‌లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. ఫోటోలో ఎర్రటి గులాబీ, దాని మధ్య ఖాళీ, ఆ ఖాళీలో నక్షత్రాల గుంపు స్పష్టంగా ఉన్నాయి. ఆ ఫోటో ఇప్పుడు సంఘం ఆఫీసులో గోడ మీద ఉంది. అప్పుడు పాడైన ఆండ్రోమెడా కోసం వచ్చే సంక్రాంతికి సూళ్లూరుపేట దగ్గర అమ్మమ్మగారి ఊరికి టెలిస్కోపు తీసుకుపోతానంది.

సభ్యుల కుటుంబాల్లో ఎవరైనా ఈ పని మొదలుపెట్టాలనుకుంటే వెంటనే కొనవద్దు. సంఘం ఫిల్టరు వారం రోజులకు ఉచితంగా ఇస్తాం. ఆదివారం ఉదయం ఆఫీసుకు పిల్లతో కలిసి రండి, మీ కెమెరా కూడా తెండి, సరిపోతుందో లేదో చూసి చెబుతాం. రిజిస్టరులో సంతకం చేసి తీసుకెళ్లండి, సిలికా జెల్ పొట్లంతో సహా తిరిగి ఇవ్వండి.